మంచాల మేడం ఆపిన ఆపరేషన్లు

మంచాల మేడంతో కలిసి సినిమాకి వెళ్ళకూడదు. తెర మీద హీరోయిన్ ప్రాణాలు వదులుతుంటే హాలంతా ముక్కు చీదుకుంటుంది. ఈవిడ మాత్రం మెడ తిప్పి హాలు నాలుగు మూలలూ చూసి, "నేల వాలుగా ఉంది, కుర్చీలు బిగించేశారు, పనికిరాదు" అని పెదవి విరుస్తుంది. దేనికి పనికిరాదు అంటారా? మంచాలు వేయడానికి. బడి వరండా చూసినా, బ్యాంకు హాలు చూసినా ఆవిడ కంటికి కనిపించేవి వరసగా వేసిన మంచాలే. ఒకసారి చుట్టాలు కొత్త ఇల్లు కట్టుకుని పిలిస్తే, అందరూ గచ్చు నునుపునీ వంటింటి అలమరలనీ మెచ్చుకుంటున్నారు. ఈవిడ గుమ్మం వెడల్పు జానలతో కొలిచి, "అయ్యో, స్ట్రెచర్ పట్టదే" అని నిట్టూర్చింది. ఆ ఇంటాయన మొహం మాడిపోయింది. మళ్ళీ ఆ ఇంటి నుంచి పిలుపు రాలేదు. రాలేదన్న సంగతి ఈవిడ గమనించనూ లేదు.

ఆమె పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. కొత్తగా చేరిన నర్సుల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు గారి దాకా అందరూ ఆమెను మంచాల మేడం అనే అంటారు, అదీ మొహం మీదే. ఆమె నొచ్చుకోదు. "పేరు పెట్టారంటే పని కనిపించిందనే కదా" అంటుంది.

ఈ పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడాది విషజ్వరాలు ఊరిని ఊపేశాయి. మంచానికి ఇద్దరు చొప్పున పడుకోబెట్టినా చాలక మెట్ల కింద, వరండాల్లో, చివరికి చెప్పులు విడిచే చోట కూడా మనుషుల్ని పడుకోబెట్టారు. సెలైన్ సీసా ఎత్తిపట్టుకుని వాళ్ళ మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ తిరిగింది ఆమె. ఒక ముసలాయన, ఆమె చూసుకోకుండా చెయ్యి తొక్కితే, "ఫర్లేదమ్మా, నీ పని చూసుకో" అన్నాడు. ఆ మాట ఆమె కడుపులో అలాగే ఉండిపోయింది. అందరూ మాత్రం, "ఏం చేస్తాం, హఠాత్తుగా వచ్చిపడింది" అని చేతులెత్తేశారు. ఆమెకు ఒళ్ళు మండింది అక్కడే. "హఠాత్తుగా ఏమిటి? జ్వరాలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఈసారి కాస్త ఎక్కువమందిని వెంటేసుకొచ్చాయి. వస్తాయని తెలిసీ పరుపు దులిపి పెట్టుకోకపోవడం మన తప్పు" అని పోట్లాడింది. కొత్తగా చేరిన నర్సు మాట ఎవరి చెవికెక్కుతుంది? ఎక్కలేదు. అయినా ఆమె వదల్లేదు. హెడ్ నర్సు అయ్యేదాకా అదే పాట పాడింది. అయ్యాక ఇంకాస్త గట్టిగా పాడింది.

అదృష్టం కొద్దీ ఆ తర్వాత వచ్చిన పెద్ద డాక్టరు గారు వినే చెవులున్న మనిషి. ఆయన ఎముకల డాక్టరు, భారీ విగ్రహం, నవ్వితే బొజ్జ ముందు నవ్వుతుంది. ఇద్దరూ కూర్చుని మూడు మెట్లుగా ఏర్పాటు చేశారు. మొదటి మెట్టులో ఆసుపత్రి మామూలుగా నిండుతుంది. మామూలు దాటితే రెండో మెట్టు: ఆగగలిగిన ఆపరేషన్లన్నీ ఆపేయాలి, ఇంటి దగ్గర కోలుకోగలిగినవాళ్ళని ఇంటికి పంపాలి, ఆపరేషన్ థియేటరు నర్సులు జ్వరాల వార్డుకి రావాలి. అప్పటికీ చాలకపోతే మూడో మెట్టు, వ్యాయామం చేయించే హాలు ఖాళీ చేసి దాన్నే వార్డుగా మార్చేయాలి. "మంచమంటే నాలుగు కాళ్ళు కాదు, రెండు చేతులు. పక్కన మనిషి లేని మంచం వట్టి ఇనుము" అని ఆమె ప్రతి కొత్త నర్సుకీ నూరిపోసేది.

ఏటా ఒకరోజు దీన్ని ఉత్తుత్తిగా నడిపి చూసేవారు. మొదటి ఏడాది ఖాళీ మంచాలు తోసి, అబ్బో, ఎంత వేగం అని అందరూ మురిసిపోతుంటే మేడం అడ్డం పడింది. "ఖాళీ మంచం ఎవరైనా తోస్తారు. ఎవరైనా పడుకోండి" అంది. ఎవరూ ముందుకు రాకపోతే పెద్ద డాక్టరు గారే కోటు విప్పి ఎక్కి పడుకున్నారు. మంచం వరండా మలుపు దాకా హుందాగా వెళ్ళి, హాలు గుమ్మంలో ఇరుక్కుపోయింది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. తోస్తున్న ట్రాలీ బాబాయి చెమటలు కక్కుతూ, "సార్, తమరు కాస్త ఊపిరి బిగపట్టండి" అన్నాడు. ఆసుపత్రి ఆసుపత్రంతా పడీపడీ నవ్వింది. పడుకున్నాయన అందరికంటే ఎక్కువ నవ్వారు. ఆ వారంలోనే గుమ్మం వెడల్పు చేయించారు.

ఇద్దరికీ మాట తేడా వచ్చింది ఒక్క చోటే. అవసరమనిపిస్తే ఆపిన ఆపరేషన్లలో ఏదైనా ఒకటి చేయించే అధికారం పెద్ద డాక్టరుకి ఉండాలని ఆయన రాయబోయారు. మేడం ససేమిరా అంది. "ఆ ఒక్క ముక్క ఉందంటే మీరింక స్టెతస్కోపు ముట్టుకోరు సార్, ఫోనే ముట్టుకుంటారు. ఫలానా వారి బావమరిది, ఫలానా వారి మేనత్త. కాదంటే వాళ్ళకి కోపం, అవునంటే మనకి సిగ్గు. ఆగితే అందరివీ ఆగాలి." ఆయన కాసేపు గడ్డం గోక్కుని ఆ ముక్క కొట్టేశారు.

ఇక అక్క సంగతి. మంచాల మేడంకి తల్లీ తండ్రీ అన్నీ అక్కే. తల్లి పోయేనాటికి మేడం ఇంకా గౌనులు తొడుక్కునే పిల్ల. అక్క కుట్టుమిషను తొక్కి ఇల్లు నడిపింది, చెల్లెల్ని నర్సు చదువు చదివించింది. పెళ్ళి మాటెత్తినవాళ్ళని, "ముందు ఈ చొక్కా కాజాలు కుట్టనీండి" అని పంపేసింది. అక్క నోరు కత్తెరకంటే పదును. కాని తొక్కీ తొక్కీ కుడి తుంటి అరిగిపోయింది. మొదట్లో నొప్పి అంది, తర్వాత అనడం మానేసింది. మాననే మానింది గానీ, మిషను ముందు కూర్చుని కాలు పెడల్ మీద పెట్టి, నొక్కలేక, చీకేసిన నిమ్మకాయలా మొహం పెట్టడం చెల్లెలి కంట పడింది. తుంటి మార్చే ఆపరేషన్ చేయాలన్నారు పెద్ద డాక్టరు గారు. ఆలస్యమైతే ఎముక ఇంకా అరిగి కాలు కురచబడుతుందనీ, అప్పుడు చేసినా కుంటు మిగులుతుందనీ, మళ్ళీ మిషను తొక్కడం కష్టమనీ చెప్పారు. అయినా చెల్లెలు ముందు వరసలోకి తోయించలేదు. అక్కా అడగలేదు. అందరిలాగే ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి అక్క వంతు వచ్చింది.

అక్కని ముందురోజు ఉదయమే ఎముకల వార్డులో చేర్చారు. మర్నాడు పొద్దున మొదటి ఆపరేషన్ ఆమెదే. "ఇన్నాళ్ళూ ఊరందరికీ మంచాలు చూశావు. ఎట్టకేలకి నాకూ ఒకటి దొరికింది" అంది అక్క, దుప్పటి అంచు వేళ్ళతో తడిమి చూస్తూ. "కుట్టు బాగాలేదే. ఒక్క ఉతుక్కి ఊడుతుంది."

అప్పటికే ఆ వారం జ్వరాలతో వచ్చేవాళ్ళు ఎక్కువవుతున్నారు. మేడం చూస్తూనే ఉంది. లోపల్లోపల, రేపొక్క పూట ఆగితే చాలు దేవుడా, అని మొక్కుకుంటూనే ఉంది. తప్పేముంది? మనిషే కదా.

మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ అక్క పక్కన ఒక్క నిమిషం కూర్చుంది. అక్క వార్డంతా కలియజూసి, "ఏమే, ఇందాక మంచినీళ్ళడిగితే ఇచ్చే దిక్కు లేదు. ఇప్పుడేమో ఎటు చూసినా నర్సులే. ఎవరైనా గొప్పవాళ్ళు వస్తున్నారా?" అంది.

"లేదక్కా. డ్యూటీ మారే టైము. వెళ్ళేవాళ్ళూ వచ్చినవాళ్ళూ ఇద్దరూ ఉంటారు. ఇంకాసేపట్లో సగం మంది పోతారు."

అనేసి మంచాల మేడం ఉలిక్కిపడింది. ఏటేటా తాము నడిపిన ఉత్తుత్తి పరీక్షలన్నీ సరిగ్గా ఈ వేళకే పెట్టుకున్నారు. రోగుల పనికి అడ్డం రాకూడదని, అందరూ ఒకచోట దొరుకుతారని ఆ వేళ ఎంచింది తనే. హాలు ఇట్టే నిండిపోవడం చూసి ఏటా చప్పట్లు కొట్టుకున్నారు. ఆ కొట్టిన చేతుల్లో సగం డ్యూటీ దిగి ఇంటికి పోవలసినవాళ్ళవి. రెండు చేతులు, రెండు చేతులు అని ఊరందరికీ నూరిపోసిన మనిషే చేతుల్ని రెండింతలు చేసి చూసుకుంది.

ఆమె అక్క పక్కన ఉండగానే కింద అత్యవసర విభాగం నుంచి కబురొచ్చింది. ఇసుక వేస్తే రాలనంత జనం, స్ట్రెచర్లు అయిపోయాయి, ఒక తల్లి పిల్లవాడితో నేల మీద కూర్చుంది. మేడం పరుగులాంటి నడకతో పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళింది. ఆయనకి అప్పటికే తెలిసింది.

"రెండో మెట్టు ఎక్కక తప్పదమ్మా. కాని రేపు పొద్దున మీ అక్కగారిది కానిచ్చేస్తాను. మధ్యాహ్నం నుంచి ఆపేద్దాం. ఒక్క పూటలో కొంపేం మునిగిపోతుంది?"

ఆయన మాటలో కల్మషం లేదు, ప్రేమతోనే అన్నారు. మేడం వెంటనే కాదనలేదు. వెంటనే కాదనేసిందని ఎవరైనా చెబితే నమ్మకండి. గోడకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. అక్క కాలు కళ్ళ ముందు ఆడింది. ఆ తర్వాత కింద నేల మీద కూర్చున్న తల్లి కనిపించింది.

"మన లెక్క తప్పింది సార్. తప్పు నాదే. పరీక్షలన్నీ డ్యూటీ మారేటప్పుడు పెట్టాను, మనుషులు రెండింతలు కనిపించారు. నిజానికి మనకున్నది అందులో సగమే. రేపు అక్క చుట్టూ నిలబడాల్సినవాళ్ళే నాకు జ్వరాల వార్డులో కావాలి. రేపు మధ్యాహ్నం కాదు, ఇప్పుడే."

ఆయన ఆమె మొహంలోకి చూసి, ఫోను తీశారు.

ఎముకల వార్డులో చెప్పే పని వేరేవాళ్ళకి అప్పగించవచ్చు. ఆమె అప్పగించలేదు. గుమ్మం దగ్గరి మంచం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి పక్కనా నిలబడి, మీ ఆపరేషన్ ఇప్పుడు జరగదు, ఇంటికి వెళ్ళాలి అని చెప్పుకుంటూ వచ్చింది. ఒకామె ఏడ్చింది. మోకాలు పాడైన బస్సు డ్రైవరు, "నాకు సెలవు మళ్ళీ ఇవ్వరమ్మా" అని బిక్కమొహం వేశాడు. అక్క మంచం అటు చివర ఉంది. చెల్లెలు మంచం మంచం దాటుకుంటూ తనవైపే రావడం అక్క చూస్తూనే ఉంది. దగ్గరికొచ్చేసరికి సంచీ సర్దుకుని కూర్చుంది.

"నాకు చెప్పక్కర్లేదులే. ఆ చివర్నుంచీ వింటూనే ఉన్నా."

"అక్కా..."

"మళ్ళీ ఎప్పుడు?"

"జ్వరాలు తగ్గాక."

"అంటే ఎప్పుడే?"

మంచాల మేడం పక్క మీది దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. అక్క మొహం తిప్పేసుకుని, ట్రాలీ బాబాయి చెయ్యి పట్టుకుని చక్రాల కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాతి వారాల గురించి చెప్పాలంటే, చూసినవాళ్ళే చెప్పాలి. మూడో మెట్టు కూడా ఎక్కవలసి వచ్చింది. హాలు వార్డయింది. అనుకున్నంత సాఫీగా ఏమీ జరగలేదు. దిండ్లు చాల్లేదు, ఆక్సిజన్ సిలిండర్లు తప్పు గుమ్మం దగ్గర దిగాయి, థియేటరు నర్సులకి జ్వరాల మందులు అలవాటు కావడానికి సమయం పట్టింది. మేడం కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగింది. చేతులు తక్కువన్న సంగతి ముందే తెలియబట్టి వార్డుల్లో ఆగినా ఫర్లేని పనులు కొన్ని పక్కన పెట్టించి, ఒకరి పని ఒకరికి ముందే నేర్పించి, ఎక్కడ చెయ్యి ఖాళీ అయితే అక్కడికి తానే మనిషిని తీసుకుపోయింది. ఆ జ్వరాల కాలమంతా ఆ ఆసుపత్రిలో ఒక్క మనిషి నేల మీద పడుకోలేదు. ఒక్కరంటే ఒక్కరు. ఆ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. ఎంత చెప్పినా తక్కువే ఆవిడ గురించి.

జ్వరాలు తగ్గాయి. హాల్లో మంచాలు తీసేశారు. పక్క ఊళ్ళ ఆసుపత్రుల వాళ్ళు వచ్చి ఇదంతా ఎలా చేశారని అడిగి వెళ్ళారు. పెద్ద డాక్టరు గారు ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళి మేడం గొప్ప చెప్పి వచ్చారు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. ఆపిన ఆపరేషన్లు ఆగినచోటే ఉండిపోయాయి.

ఎవరూ కావాలని ఆపలేదు. ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్లు నడుస్తూనే ఉన్నాయి గనక థియేటరు తలుపులు మూతపడినట్టు ఎవరికీ అనిపించలేదు. థియేటరు నర్సులు జ్వరాల వార్డులకి అలవాటైపోయారు, అక్కడివాళ్ళు వాళ్ళని వదల్లేదు. ఆపమన్నది మేడం కాబట్టి మొదలుపెట్టమనేదీ మేడమే అని థియేటరు వాళ్ళు అనుకున్నారు. పెద్ద డాక్టరు గారూ అలాగే అనుకున్నారు. ఆపడం ఎలాగో అంత వివరంగా రాసుకున్న మూడు మెట్లలో మళ్ళీ మొదలుపెట్టడం గురించి ఒక్క ముక్క లేదు.

మరి మేడం? ఆమెకి తెలుసు. రోజూ పెద్ద డాక్టరు గారి గది దాకా వెళ్ళేది. దుప్పట్ల సంగతి మాట్లాడేది, పాడైన పంపు సంగతి మాట్లాడేది, వెనక్కి వచ్చేసేది. ఆ వరసలో మొట్టమొదట ఉన్నది తన అక్క. ఆ మాట ఎత్తితే, చూశావా, ఎవరికీ మినహాయింపు లేదన్న మనిషి చివరికి అక్క కోసం వచ్చింది అనుకోరూ? ఆ ఆలోచనతో మళ్ళీ దుప్పట్ల సంగతే ఎత్తేది.

ఒక సెలవు రోజు అక్క ఇంటికి వెళ్ళింది. అక్క కోపంగా ఉంటే బాగుండేది. మర్యాదగా ఉంది. "టీ తాగుతావా" అని లేచి, గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, మళ్ళీ గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. కుడి మడమ నేలకి ఆనడం లేదు. చెల్లెలు లేవబోతే, "కూర్చో, చుట్టానివి" అంది.

టీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూలబడి, ఊపిరి తీసుకుంది. "ఆ బస్సు డ్రైవరు రోజూ ఫోన్ చేస్తాడు. ఆ ఏడ్చినామె కూడా. వార్డులో నంబర్లు తీసుకున్నాం లే. మీ చెల్లెలు అక్కడే కదమ్మా, ఎప్పుడో కాస్త కనుక్కోండి అంటారు. మా చెల్లెలు అలాంటివి అడిగే రకం కాదు అని చెప్తూ వస్తున్నా. ఇంతకీ ఎందుకడగలేదే?"

"నీ కోసం అడిగినట్టుంటుంది కదక్కా. నలుగురూ ఏమనుకుంటారు?"

అక్క చేత్తో కుడి కాలు సర్దుకుంది.

"అంటే, నీకు మాట రాకూడదని వార్డు మొత్తాన్నీ కూర్చోబెట్టావన్నమాట. నువ్వు నన్ను ఇంటికి పంపిన రోజు నాకు ఏడుపొచ్చింది గానీ, లోపల గర్వంగానే ఉందే. ఇప్పుడు లేదు."

మంచాల మేడం టీ తాగకుండానే లేచింది.

మర్నాడు ఉదయం పెద్ద డాక్టరు గారి గదిలో ఇతర ఆసుపత్రుల నుంచి వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆయన నవ్వుతూ, "రండి రండి, నేను చెప్పిన మంచాల మేడం ఈవిడే" అన్నారు. ఆమె లోపలికి వెళ్ళి బల్ల ముందు నిలబడింది. అందరూ వింటుండగానే అడిగింది.

"మా అక్కకి ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు సార్?"

ఆయన నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఆమె ఊపిరి పీల్చుకుని, "మా అక్కకి, ఆమెతోపాటు నేను ఇంటికి పంపినవాళ్ళందరికీ" అంది.

పెద్ద డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీరు చెప్తారని నేను చూస్తున్నానమ్మా," అన్నారు చాలా నెమ్మదిగా. "నేనూ అడిగి ఉండాల్సింది." వచ్చినవాళ్ళని కాసేపు ఆగమని చెప్పి, ఆయనే లేచి థియేటరుకి నడిచారు. ఆ మధ్యాహ్నానికి నర్సులు వాళ్ళ చోటికి వెళ్ళారు. ఆ వారంలోనే నాలుగో మెట్టు రాశారు: ఆపిన రోజే, మళ్ళీ ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా తేల్చి, ఇంటికి వెళ్ళేవాళ్ళకి ఆ మాట చెప్పి పంపాలి. ఆ మాట రాసింది మేడమే. రాసేటప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు చూశానని ట్రాలీ బాబాయి చెప్పాడు.

ఆపరేషన్ రోజున మంచాల మేడం ఆసుపత్రిలో ఏ పనీ చేయలేదు. థియేటరు బయట బల్ల మీద, అందరు చుట్టాల్లాగే, పళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్ద డాక్టరు గారు ముందే దాచకుండా చెప్పారు, జ్వరాలు తగ్గగానే చేసి ఉంటే కాలు సమంగా వచ్చేదని, ఇప్పుడు నొప్పి పోతుంది గానీ కుంటు ఉండిపోతుందని. అక్క తల ఊపింది.

సాయంత్రం అక్క కళ్ళు తెరిచేసరికి చెల్లెలు మంచం పట్టీ పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు అదురుతున్నాయి. "నా వల్లే అక్కా. నేనొక్క మాట ముందే అడిగి ఉంటే నీ కాలు..."

"అవును, నీ వల్లే," అంది అక్క, మత్తుగా. ఇంకా ఏదో అనబోయి, పక్క మంచం వైపు తల తిప్పింది. అక్కడ బస్సు డ్రైవరు దిండుకి ఆనుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఏడుపు తర్వాత. ఆయనది రేపేనా?"

"రేపేనక్కా."

"మరి నాకు చెప్తావేం? పొద్దున నన్ను తీసుకెళ్ళేటప్పుడూ ఆ గుమ్మం వైపే చూస్తున్నాడు. వెళ్ళి ఆయనకి చెప్పు."

మంచాల మేడం కొంగుతో మొహం తుడుచుకుని, ఆ మంచం దగ్గరికి వెళ్ళి చెప్పింది.